రుచి చూడని ఫ్రూట్ సలాడ్

కాశీపతి అయ్యవారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెబుతారు. పని చేసి అలసిపోయినవాడు తాను అడిగింది మరిచిపోతాడని కొందరు, ఆ పనిలోనే జవాబు దొరుకుతుందని కొందరు అనేవాళ్ళు. నా అనుభవంలో రెండూ నిజమే. ఒకసారి వైరాగ్యమంటే ఏమిటని అడిగి, మూడు రోజులు ఆశ్రమం బావిలో పూడిక తీసినవాణ్ణి నేను. వైరాగ్యం సంగతేమో గాని, నడుం నొప్పి మాత్రం బాగా అర్థమయింది.

ఆ వైశాఖంలో ప్రశ్న అడిగినవాడు మృత్యుంజయం. కడపలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి, ఆ ఉద్యోగం వదిలి, నలభయ్యో ఏట పెన్న ఒడ్డున ఉన్న మా ఆశ్రమానికి వచ్చాడు. చదువులో అతన్ని మించినవాడు మాలో లేడు. శుభ్రతలోనూ లేడు. అతను ఉతికి ఆరేసిన పంచె పక్కన మా పంచెలు ఆరేయడానికి మాకే మొహమాటంగా ఉండేది.

అయ్యవారు రోజూ సాయంత్రం వసారాలో చాప పరుచుకుని కూర్చుంటారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి తమ కష్టాలూ కోపాలూ, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని తప్పులూ ఆయనకు చెప్పుకుంటారు. డెబ్బై ఆరేళ్ళు వచ్చేసరికి ఆయనకు కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి సగం వినపడటం మానేశాయి. ఇక చాప మీద తన పక్కన మృత్యుంజయం కూర్చోవాలనీ, రేపు తన తర్వాత అతనే వినాలనీ ఆయన కోరిక. మృత్యుంజయం మూడు రోజులు కూర్చున్నాడు. మూడు రోజులూ చాప మీంచి లేచిన వెంటనే వెళ్ళి తలస్నానం చేశాడు. నాలుగో రోజు వచ్చి అయ్యవారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యవారూ, అన్నదమ్ములు ఒకరినొకరు తిట్టుకున్న తిట్లన్నీ వింటే మన మనసు మైల పడదా? వాళ్ళకు మేలే చేద్దాం. కాని అదంతా చెవిన వేసుకోకుండా, దూరంగా ఉండి చెయ్యలేమా? లేదంటే నన్ను నల్లమలకు పంపండి. అక్కడ ఒంటరిగా చదువుకుంటాను."

అతను వెళ్ళిపోతే ఆ చాప మీద కూర్చోదగినవాడు ఇంకొకడు లేడు. నేను తగనని నాకు తెలుసు, నా కంటే బాగా మిగతావాళ్ళకు తెలుసు. అయ్యవారు మాత్రం అతను ఊరగాయ సంగతేదో అడిగినట్టు తల ఊపారు.

"పోదువు గానిలే. ఎల్లుండి మా గురువుగారి ఆరాధన ఉంది కదా. ఆ ఫ్రూట్ సలాడ్ పని నువ్వు చూడు. అది అయ్యాక సాయంత్రం బస్సుకు పో."

ఆరాధనకు ఫ్రూట్ సలాడ్ ఏమిటని కొత్తవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. పూర్వం పులిహోరే పెట్టేవాళ్ళం. నలభై మూడు డిగ్రీల ఎండలో నాలుగైదు మైళ్ళు నడిచొచ్చినవాళ్ళు ఆ పులిహోర వంక దిగులుగా చూడటం గమనించి, అయ్యవారే దాన్ని మార్పించారు. ఇప్పుడు జనం ఆ చల్లటి పండ్ల ముక్కల కోసమే వస్తారేమోనని నాకు అనుమానం. ఏం ఫరవాలేదు, నేనూ సగం అందుకే ఉన్నాను.

మృత్యుంజయం ఆ పనిని కూడా పరీక్ష రాసినంత శ్రద్ధగా మొదలుపెట్టాడు. తెల్లవారకముందే స్నానం చేసి, తడిపంచె కట్టుకుని, వంటశాలలో అడుగుపెట్టాడు. పెన్న ఇసుకలో పండిన ఖర్బూజాలు, బేనీషా మామిడిపండ్లు, అనాస, ద్రాక్ష, దానిమ్మ, అరటిపండ్లు, గంపెడు కీరకాయలు వచ్చి ఉన్నాయి. పొద్దుటి పూటకు సగం, సాయంత్రం వచ్చేవాళ్ళకు సగం అని పంచి, రెండో సగాన్ని తడి గోనెసంచుల కింద పెట్టించాడు. ముక్కలన్నీ ఒకే కొలతలో తరిగించాడు. పంచదార ముందే వేస్తే పండు నీరు కక్కేస్తుందని పక్కన ఉంచాడు. అరటిపండు నల్లబడుతుందని చివరికి పెట్టుకున్నాడు. నానిన సబ్జా గింజలు, తేనె, నిమ్మరసం, పుదీనా ఆకు, అన్నీ వరుసలో ఉన్నాయి. అన్నీ కలిపే పెద్ద గిన్నెను తడి ఇసుకలో సగం దాకా పాతించాడు, చల్లగా ఉండటానికి. చూస్తుంటే నాకు నోరూరింది. ఆ మాట పైకి అంటే బయటికి పంపిస్తాడని అనలేదు.

మా ఆశ్రమంలో ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్న ఓబుళమ్మ ఒక్క మాట చెప్పింది. "సామీ, కీరకాయలు ఒగొగటీ ముక్క కోసి నోట్లో ఏసుకుని చూడల్ల. కొన్ని చేదుంటాయి."

"నైవేద్యం కాకముందు రుచి చూడటమా? ఎంగిలి చేసి గురువుగారికి పెడతామా, ఓబుళమ్మా?"

అతను అన్నది తప్పని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అతను కీరకాయల చివరలు కోసి, ఆ ముక్కతోనే రుద్ది, నురగ వచ్చేదాకా చేదు తీశాడు. ఒక్కటి కూడా వదలలేదు. నోట్లో మాత్రం వేసుకోలేదు. ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగింది.

పది గంటలకు గురువుగారి పటానికి నైవేద్యం అయింది. బయట పందిరి కింద రెండు వందల మంది వరుసల్లో కూర్చున్నారు. నేను ఆకుదొప్పల కట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆనవాయితీ ప్రకారం మొదటి దొప్ప అయ్యవారికి ఇచ్చాం. ఆయన నిదానంగా తిన్నారు. ఖాళీ దొప్ప నా వైపు చాపి, "ఇంకొకటి పెట్టు. ఈసారి గిన్నె అడుగు నుంచి" అన్నారు. మృత్యుంజయం మొహంలో కాస్త గర్వం కనబడింది. దాన్ని కూడా అతను శుభ్రంగా తుడిచేసుకున్నాడు.

రెండో దొప్ప కూడా తినేసి అయ్యవారు అన్నారు. "వడ్డన ఆపండి. అందరికీ మజ్జిగ ఇవ్వండి. మృత్యుంజయం, నువ్వొక దొప్ప తిను."

"అందరూ తిన్నాక తింటాను అయ్యవారూ."

"ఇప్పుడే."

అతను ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ముందు మామిడిపండు, తర్వాత తేనె, ఆ తర్వాత ఏం తగిలిందో గాని అతని కళ్ళు పెద్దవయ్యాయి. నేనూ ఒక ముక్క వేసుకున్నాను. చేదు! వేపాకు నమిలినట్టు నాలుక మొద్దుబారింది. రెండు మూడు కీరకాయల చేదు రసమంతా ఊరి, గిన్నెలో ఏ ముక్కనూ విడిచిపెట్టలేదు. ఎండనబడి వచ్చిన జనానికి దీన్ని పెట్టబోయాం కదా అనుకున్నాను. మృత్యుంజయం దొప్పను కింద పెట్టేశాడు.

ఆ గిన్నెడూ ఆశ్రమం ఎనుముల కుడితితొట్టిలోకి పోయింది. వాటికి ఏ ఫిర్యాదూ లేదు. అయ్యవారు లేచి తానే వంటశాలలోకి వచ్చి, గోనెసంచులు తీయించి, సాయంత్రానికి దాచిన పండ్లన్నీ తరగమన్నారు. అందరం కత్తిపీటలు పట్టుకున్నాం. మిగిలిన కీరకాయల గంప మాత్రం మృత్యుంజయం ముందు పెట్టించారు.

"ఒక్కొక్కదానిలోంచి ఒక ముక్క కోసి తిను. బాగుంటే ఇటు పెట్టు, చేదైతే అటు పెట్టు."

మృత్యుంజయం కత్తి పట్టుకుని తటపటాయించాడు. "ఇంతమందికి పెట్టేదాన్ని ముందు నేను..."

"మా గురువుగారికి చేదు పెట్టాం. ఆయన ఏమీ అనకుండా తిన్నారు. ఎండలో నడిచొచ్చినవాళ్ళు ఎందుకు తినాలయ్యా?"

మృత్యుంజయం మొదటి కాయ తీసుకున్నాడు. ముక్క కోసి నోట్లో వేసుకున్నాడు. బాగుంది. రెండోది బాగుంది. నాలుగోదానికి మొహమంతా ముడుచుకుపోయింది. ఓబుళమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన నిలబడింది. "పుక్కిలించి ఇంగొకటి చూడు సామీ" అంది, చంటిపిల్లవాడికి మందు పోసే తల్లిలా. అతను పుక్కిలించి ఇంకొకటి చూశాడు. అలా ముప్ఫై ఎనిమిది కాయలు చూశాడు. ఐదు చేదువి. బయటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో చేత్తో పట్టుకుంటే తెలియలేదు, కంటితో చూస్తే తెలియలేదు. ఐదోది తేలేసరికి అతను మొహం ముడుచుకోవడం మానేశాడు. చేదు అని ఒక్క మాట అని, దాన్ని పక్కన పెట్టి, నీళ్ళ కోసం చెయ్యి చాపాడు.

పన్నెండింటికి వడ్డన జరిగింది. ఆలస్యమైనందుకు ఎవరూ విసుక్కోలేదు, లేదా మొదటి చెంచాతో ఆ విసుగు మరిచిపోయారు. నాకు అంత సంతోషం కలిగి చాలా కాలమయింది. పందిరి కింద మాటలే లేవు, చెంచాల చప్పుడే. ముందు వరుసలో ఒక ముసలి రైతు మూడో దొప్ప అడుగుతూ, "ఏం కలిపినారు సామీ ఇందులో? ఇంత కమ్మంగా ఉండాదే!" అన్నాడు. మృత్యుంజయం నవ్వాడు. అతను పళ్ళు కనబడేలా నవ్వగలడని ఆశ్రమంలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అతను కూడా మా మధ్యే నేల మీద కూర్చుని రెండు దొప్పలు తిన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు అతను సంచి భుజానికి తగిలించుకుని వసారాలోకి వచ్చాడు. నల్లమల వైపు వెళ్ళే బస్సు ఐదింటికి. అయ్యవారు చాప మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు ఎదురుగా, కళ్ళు వాచేలా ఏడ్చిన ఒక ఆడమనిషి తలొంచుకుని కూర్చుంది. చెప్పాలని వచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గోటితో చాప గీరుతోంది. మృత్యుంజయం ఆమెకు దూరంగా నిలబడి, అయ్యవారికి వంగి దణ్ణం పెట్టి, సెలవు ఇమ్మన్నాడు. అయ్యవారు ఎడమచెవి అతని వైపు తిప్పారు.

"పొద్దున తిన్న చేదు నాలుక మీద ఎంతసేపు ఉందయ్యా?"

మృత్యుంజయం ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

"నీళ్ళు పుక్కిలించేదాకా ఉంది, అయ్యవారూ."

అయ్యవారు కాస్త పక్కకు జరిగి, చాప మీద చోటిచ్చారు.

"నీళ్ళ చెంబు ఇక్కడే ఉంది. కూర్చో."