వడ్రంగిపిట్ట చెట్టు చాటుకి ఎందుకు తప్పుకుంటుంది?

ఒకప్పుడు వడ్రంగిపిట్ట చెట్టుకి అతుక్కుని వేలాడేది కాదు. ముక్కుతో చెక్కేదీ కాదు. ఇంటి వెనక దానికో పాక ఉండేది. పాకలో పనిబల్ల, బల్ల మీద పళ్ళ రంపం. ఆ వడ్రంగిపిట్ట పేరు లింగాచారి. అతని నెత్తిమీద ఈకలు అప్పట్లో నల్లగా నిగనిగలాడేవి.

బల్లకి ఒక ఆనుడుచెక్క ఉండేది. దాన్ని ఎంత వాలుగా తిప్పితే కర్ర అంత వాలుగా తెగేది. కర్రని దానికి ఆనించాలి, తాడు చుట్టి బిగించాలి, ఆ తరవాతే రంపం పెట్టాలి. అది పద్ధతి.

వానలు మొదలయ్యాయి. పూరేడుపిట్ట సూరమ్మ పొద్దున్నే వచ్చింది. అప్పట్లో పూరేడుకి ఎంత తోకనుకున్నారు! మూరెడు! ఆ తోక ఊపుకుంటూ చెట్ల చివరల మీదుగా ఎగిరేది. ఎత్తైన మద్దిచెట్టు తొర్రలో కాపురం. తొర్రలో నలుగురు పిల్లలు.

"లింగన్నా, జల్లు లోపలికి కొడుతోంది. పిల్లలు తడిసిపోతున్నారు. తలుపుతో చిన్న గుమ్మం చేసిపెట్టవూ?" అంది.

"దానికేం చెల్లెమ్మా! నాలుగు మూలలూ ఏటవాలుగా కోసి కలిపానంటే చీమ దూరదు. ఇలా వచ్చి కూర్చో, చూద్దువుగాని," అన్నాడు లింగాచారి.

సూరమ్మ బల్ల చివర కూర్చుంది. రంపం చప్పుడు విని చిలకలు వచ్చాయి, గోరింకలు వచ్చాయి. మొదటి కర్ర తెగింది. "ఆహా!" అన్నాయి చిలకలు. రెండోది తెగింది. "ఏం పనితనం!" అన్నాయి గోరింకలు.

లింగాచారి ఛాతీ ఉబ్బిపోయింది. మూడోది కూడా కోసేశాడు. తాడు విప్పడం, చుట్టడం, మళ్ళీ విప్పడం... ఇంతమంది చూస్తుంటే ఇదంతా ఏం బాగుంటుంది? కొత్తగా పని నేర్చుకునేవాడిలాగా! తాడు పక్కన పడేశాడు. నాలుగో కర్రని ఒంటి కాలితో అదిమిపట్టి రంపం లాగాడు.

కర్ర జారింది. రంపం ఎగిరింది.

సూరమ్మ కెవ్వుమంది. మూరెడు తోకా తెగి రంపపు పొట్టులో పడింది.

చిలకలు నోరు మూసుకున్నాయి. అందరూ లింగాచారి వైపే చూశారు. అప్పుడు అతని నోట్లోంచి ఒక మాట ఊడిపడింది. "కర్ర... కర్ర వంకరది! నా తప్పేం లేదు!"

సూరమ్మ నొప్పితో వణుకుతూనే, "పోనీలే అన్నా. కర్ర వంకరైతే నువ్వేం చేస్తావు?" అంది. ఎగరబోయింది. తోక లేదు కదా, ఒక పక్కకి ఒరిగి గడ్డిలో పడింది. లేచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

లింగాచారి భార్య భద్రమ్మ వచ్చి బల్ల కింద చూసింది. "ఏమయ్యా, తాడు ఇక్కడ పడుందేం?" అంది.

అతను తాడు లాక్కుని చుట్ట చుట్టసాగాడు. ఎవరు 'లింగన్నా' అని పిలిచినా మొహం తిప్పుకునేవాడు.

తాడు బిగించి ఆ నాలుగో కర్ర మళ్ళీ కోశాడు. గుమ్మం తయారయింది. చక్కగా కుదిరింది. దాన్ని మోసుకుని మద్దిచెట్టు పైకి ఎగిరాడు. తొర్ర ఖాళీగా ఉంది!

"సూరమ్మా!" అని పిలిచాడు.

కింద గడ్డిలోంచి జవాబు వచ్చింది. "ఇక్కడ, అన్నా! అంత ఎత్తు ఎగరలేకపోతున్నాను. అందుకే పిల్లల్నే ఒక్కొక్కరినీ గడ్డిలోకి దూకమన్నాను."

లింగాచారి కిందికి దిగాడు. గడ్డి దుబ్బు మధ్య నలుగురు పిల్లలూ తడిసి ముద్దై, తల్లి రెక్కల కింద దూరి ఉన్నారు. సూరమ్మ వాళ్ళకి అతన్ని చూపించింది. "చూశారర్రా, మావయ్య ఎంత మంచివాడో! కర్ర మోసం చేసినా మనకి గుమ్మం చేసి తెచ్చాడు."

ఆ మాట రంపంకంటే పదునుగా కోసింది. లింగాచారి మొహం వేడెక్కింది. ఆ వేడి నుదుటి మీదికి పాకింది, నెత్తికెక్కింది. నల్లటి ఈకలు ఎర్రగా కాలిపోయాయి.

"కర్ర వంకరది కాదమ్మా," అన్నాడు తల దించుకుని. "తిన్నటిదే. నేనే తాడు కట్టలేదు. నలుగురూ మెచ్చుకుంటుంటే ఒళ్ళు మరిచాను. పైగా అబద్ధం ఆడాను."

సూరమ్మ తిట్టలేదు. ఏడవలేదు. పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

"గుమ్మం ఎక్కడ పెట్టను?" అని గొణిగాడు.

"గడ్డికి గుమ్మం ఎందుకన్నా?" అంది. పిల్లల్ని వెంటబెట్టుకుని గడ్డి లోపలికి వెళ్ళిపోయింది.

లింగాచారి రంపాన్ని ఏటి మడుగులో విసిరేశాడు.

"రంపం లేకపోతే మన బతుకెట్లాగయ్యా?" అని భద్రమ్మ గాభరాపడింది.

"ముక్కుంది కదే. ఇకమీదట ఏది జారినా నాకే తగలాలి."

అతను ఒక ఎండుచెట్టు మీద వాలాడు. రెండు కాళ్ళ గోళ్ళూ బెరడులో దించి గట్టిగా పట్టుకున్నాడు. తన తోకనే మానుకి ఆనించి బిగబట్టాడు. కదలడం లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. అప్పుడు కొట్టాడు, టక్కున.

ఇంతలో దారిన చిలకలు వస్తున్న అలికిడి వినిపించింది. లింగాచారి చప్పున మాను అవతలికి జరిగిపోయాడు.

అప్పటినుంచే పూరేడుపిట్టకి తోక మొండిగా ఉంటుంది, గడ్డిలోనే కాపురం ఉంటుంది. అప్పటినుంచే వడ్రంగిపిట్ట నెత్తి ఎర్రబడింది, తోక ఆనించనిదే అది మాను మీద దెబ్బ వెయ్యదు. మీరెప్పుడైనా టకటక విని చెట్టు దగ్గరికి వెళ్ళి చూడండి. చప్పుడు ఆగిపోతుంది. మీరు ఇటువైపు వస్తే అది అటువైపుకి తప్పుకుంటుంది. మొహం మాత్రం చూపించదు.