సానరాళ్ల కొండకు పులి చేసిన సాయం

అనగనగా ఒక అడవిలో, తూర్పు దిక్కున, ఏదుపందులు కాపురముండే కొండ ఒకటి ఉండేది పిల్లలూ. దాని పక్కనే కుందేళ్ల గుట్ట. ఒక ఏడాది రెండు చోట్లా పిల్లలకు కోరింత దగ్గు పట్టుకుంది. అడవికి రాజైన పులి, ఎలుగుబంటి చేత కషాయం పంపేది. ఎవరి పిల్ల దగ్గితే ఆ పిల్లకు ఎలుగుబంటి కషాయం పోసేది.

ఇంతలో ఏటి అవతలి సింహానికీ పులికీ పోటీ మొదలైంది. ఎవరి గోళ్లు పదునైతే వాళ్లదే అడవి. గోళ్లకు పదును పెట్టే సానరాయి ఏమో ఏదుపందుల కొండ కింద దండిగా ఉంది.

పులి మంత్రి నక్క, ఏదుపందుల పెద్ద గండయ్య దగ్గరికి వచ్చింది.

"గండయ్యా, ప్రభువులు తమ దయకు కాస్త పద్ధతి పెట్టారు. ఇకమీదట రాయి ఉన్న చోటికే మందు. సింహానికి మాత్రం ఒక్క రాయి కూడా ఇవ్వకూడదు" అంది.

"మరి కుందేళ్లకో?" అని అడిగింది గండయ్య భార్య సూరమ్మ.

"వాటి గుట్టలో ఏముందమ్మా, దగ్గు తప్ప" అంది నక్క.

సూరమ్మ మొగుణ్ణి పక్కకు పిలిచింది.

"వైద్యుడైతే జబ్బేమిటని అడుగుతాడయ్యా. ఇది రాయెక్కడని అడుగుతోంది. మన ఊట పక్కన తవ్వొద్దని చెప్పు. కుందేళ్లకూ మందు పోయాలని చెప్పు. రాయి మన చేతిలో ఉన్నప్పుడే ఏదైనా అడగాలి."

గండయ్య తిరిగి రాగానే నక్క ఆయన్ని "ప్రభువులకు ఆప్తమిత్రుడు" అనేసింది. ఇంకేముంది, ఆయన ముళ్లన్నీ గర్వంతో నిక్కబొడుచుకున్నాయి.

"రాజుగారితో బేరమాడితే ఏం మర్యాదే?" అని సరేనన్నాడు.

కొండ నుంచి తిన్నగా పులి గుహకు వెడల్పాటి బాట వేశారు. అది ఏదుపందుల బొరియల వైపు తొంగి కూడా చూడలేదు. దానికి అభివృద్ధి బాట అని పేరు పెట్టి నక్క పొద్దెక్కేదాకా మాట్లాడింది. ఏదుపందులు చప్పట్లు కొట్టాయి.

తవ్వకం మొదలైంది. బొరియలు కూలాయి. ఊట బురదైంది. కషాయం రోజురోజుకూ పలచనైంది. గుట్ట మీద కుందేలు పిల్లలు చనిపోతుంటే గండయ్య విననట్టు ఊరుకున్నాడు.

చివరికి రాయి అయిపోయింది. మర్నాడు ఎలుగుబంటి రాలేదు. గండయ్య కొడుక్కి ఊపిరాడటం లేదు. వాణ్ణి నడిపించుకుంటూ పులి గుహకు పోయాడు.

"ప్రభూ, నేను మీ ఆప్తమిత్రుణ్ణి. పిల్లవాడికి గుక్కెడు కషాయం ఇప్పించండి."

పులి గోళ్లు చూసుకుంటూ, "ఎవరితను?" అని నక్కను అడిగింది.

"రాయి ఉండిన కొండ తాలూకు, ప్రభూ."

"ఇప్పుడు లేదా?"

"లేదు ప్రభూ. ఇప్పుడు నీటికుక్కల ఒడ్డున దొరుకుతోంది. ఎలుగుబంటిని అక్కడికే పంపాం."

పులి గండయ్య వైపు తిరిగింది. "నేను స్నేహం చేసింది రాయితో. నువ్వు దాని మీద కాపురమున్నావు, అంతే" అంది.

గండయ్య తల వంచుకుని ఇల్లు చేరాడు. సూరమ్మ, కషాయానికి ఏ చెట్టు బెరడు వాడతారో తానే వెతుక్కోవాలని, దగ్గుతున్న పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని అడవిలోకి నడిచింది.

నీతి: సాయం చేస్తానని వచ్చినవాడి చూపు నీ పిల్లల మీద ఉందో, నీ కాళ్ల కింది నేల మీద ఉందో, సరేననే ముందే చూసుకో.