కర్రోడి గోనెపట్ట

తిప్పన్నకు రెండు రోజులుగా కడుపు మండుతోంది.

కొండ మీది ఆ మఠంలో పన్నెండేళ్లుగా భోజనాల పంక్తిలో ఓబయ్య సామి పక్క చోటు అతనిదే. వంట చేసేది అతను, చెలమ నుంచి నీళ్లు మోసేది అతను, సామికి జ్వరమొస్తే పక్కన కూర్చునేది అతను. అలాంటిది మొన్న వన్నూరప్ప అనే గొర్రెల కాపరి వచ్చాడు. భుజాన ఒక కంబళి, వెనక ఒక ఎర్ర కుక్క, అంతే అతని ఆస్తి. శిష్యుడిగా ఉంటానన్నాడు. సామి ఉండమన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పంక్తిలో పిలిచి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తిప్పన్న తన విస్తరి తీసుకుని చివరికి జరగాల్సి వచ్చింది.

మనిషిని ఏమీ అనలేకపోయాడు. కుక్క దొరికింది.

మఠంలో అప్పటికే నాలుగు కుక్కలున్నాయి. ఎలుగుబంట్లు దిగుతాయని పెంచుకున్నవి. ఒక్కోదానికి పడుకోవడానికి ఒక గోనెపట్ట. వాటికి పెద్ద కర్రోడనే నల్ల కుక్క. ఇక మనుషుల సంగతంటారా, ఎవరొచ్చినా ఒకే పంక్తి అనేది సామి పెట్టిన కట్టుబాటు. కుక్కలకూ అదే వర్తిస్తుందని తిప్పన్న తీర్మానించాడు. మధ్యాహ్నం ఐదు విస్తళ్లు వరసగా వేసి, సంగటి ముద్దలు పెట్టి, ఎర్రదాన్ని తాడుతో లాక్కొచ్చి కర్రోడి పక్కన నిలబెట్టాడు. మంచిపనే అనుకున్నాడు. ఏం జరుగుతుందో చూద్దామనే కుళ్లు లోపల ఎంత ఉందో అతనికే తెలియాలి.

ముద్దల్ని ఏ కుక్కా ముట్టలేదు. నాలుగూ కలిసి ఎర్రదాని మీద పడ్డాయి. వన్నూరప్ప పరిగెత్తుకొచ్చి కడవెడు నీళ్లు కుమ్మరించి విడదీసేసరికి దాని చెవి చీలిపోయింది. తిప్పన్న కట్టె అందుకుని కర్రోణ్ణి బాదడం మొదలుపెట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదీ సంగతి.

"పుట్టినప్పటి నుంచి సామి మాటలు వింటాండారు గదరా! నేర్చుకున్నది ఇదేనా?" అని కుక్కల్ని నిలదీశాడు.

సామి వచ్చి అతని చేతిలో కట్టె లాక్కుని, మోకాలికి ఆనించి విరిచేశాడు. ఆయన ముఖం కూడా ఎర్రగానే ఉంది.

"సామీ, ఆ కుక్కన్నా పోవాల, నేనన్నా పోవాల" అన్నాడు తిప్పన్న.

"కుక్క పోతే వన్నూరప్ప గూడా పోతాడు."

"పోనీ."

సామి విరిగిన ముక్కలు పొయ్యి దగ్గర పడేసి వచ్చాడు. "మూడు దినాలు నేను చెప్పినట్ల చెయ్యి. అప్పటికీ కుదరకపోతే ఆ ఇద్దర్నీ నేనే పంపిస్తా."

తిప్పన్న ఒప్పుకున్నాడు. మూడు రోజుల్లో పీడ వదులుతుందని అతని ధీమా.

సామి ఎర్రదాన్ని వెనక కొట్టంలో, మిగతా వాటి కంట పడకుండా కట్టించాడు. కర్రోడి గోనెపట్ట తీసుకెళ్లి దాని కింద వేయమన్నాడు. ఎర్రది వచ్చినప్పటి నుంచి పడుకుంటున్న పట్ట తెచ్చి కర్రోడి చోట పరవమన్నాడు. "మొగాలు తర్వాత. ముందు వాసన" అన్నాడు. తిప్పన్న పళ్లు కొరుక్కుంటూనే ఆ పని చేశాడు.

కర్రోడు పట్టను వాసన చూసి గుర్రుమన్నాడు. పళ్లతో పట్టుకుని ఈడ్చుకెళ్లి వాకిట్లో పడేశాడు. తిప్పన్నకు ప్రాణం లేచొచ్చింది.

"చూసినారా సామీ?"

"మొదటి దినం గదా. ఈడుస్తాడులే" అన్నాడు సామి. పట్టను దులిపి మళ్లీ ఆ చోటే వేయించాడు.

రెండో రోజు కర్రోడు దాన్ని ఈడ్వలేదు, పక్కన మట్టిలో పడుకున్నాడు. మూడో రోజు పొద్దున తిప్పన్న వెళ్లి చూస్తే దాని మీదే ముడుచుకుని నిద్రపోతున్నాడు. తిప్పన్న కాలితో నేలను తన్నాడు. వాడు కన్ను కూడా తెరవలేదు.

ఆ సాయంత్రం సామి అందర్నీ కొండ దిగువకు తీసుకెళ్లాడు. మఠం కుక్కలు ఎప్పుడూ తిరగని చోటది. కర్రోడి తాడు తిప్పన్న చేతిలో, ఎర్రదాని తాడు వన్నూరప్ప చేతిలో. మధ్యలో ఇరవై అడుగుల ఎడం. ఎదురెదురు కాదు, అందరూ ఒకే దిక్కుకు, ఆగకుండా నడవాలి. సామి ముందు నడిచాడు.

"అన్నా, నీళ్లు తాగుతావా?" అని దారిలో వన్నూరప్ప తన సొరకాయ బుర్ర చూపించాడు. తిప్పన్న తల తిప్పుకున్నాడు.

సన్నగా పారే వంక దగ్గరికి చేరేసరికి ఎడం తగ్గి బారెడైంది. రెండు కుక్కలూ ఒకే గుంటలో మూతులు పెట్టి నీళ్లు తాగాయి. కర్రోడి తోక ఊగింది. తిప్పన్నకు ఏడుపొచ్చినంత పనైంది. తన చేతి ముద్ద తిని పెరిగిన కుక్క కూడా అటే పోయింది.

మఠానికి తిరిగొచ్చి తిప్పన్న నేరుగా తన గదిలోకి వెళ్లి వాలబోయాడు. పడక మీద తన కంబళి లేదు. దాని చోట ఇంకొకటి పరిచి ఉంది. గొర్రెల కంపు, పొగాకు కంపు గుప్పున కొట్టాయి. ఎవరిదో తెలియడానికి క్షణం పట్టలేదు.

తిప్పన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. దాన్ని కొస పట్టుకుని గడప దాటించి, అరుగు దించి, వాకిట్లోకి ఈడ్చి పారేశాడు.

"ఎవరు మార్చింది? నా కంబళి యాడ?"

వన్నూరప్ప కంగారుగా బయటికొచ్చాడు. తిప్పన్న కంబళి అతని చేతుల్లో ఉంది. "నాకు తెల్దన్నా. నా పడక మీద ఉన్నింది" అన్నాడు. మట్టిలో పడ్డ తన కంబళిని తీసుకోబోయాడు.

అరుగు మీద కూర్చున్న సామి చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఆయన తిప్పన్న వైపు చూడలేదు. పక్కన పడుకున్న కర్రోడి వీపు నిమురుతున్నాడు.

"మొదటి దినం గదా" అన్నాడు. "ఈడుస్తాడులే."