ఒకటి పక్కన బొట్టు

మణిగిరి రాజుగారికి ఒకరోజు లెక్కలు వినీ వినీ విసుగొచ్చింది.

"మూడు కోట్ల పదిహేడు లక్షల నలభై వేల వరహాలు అనేలోపు నా భోజనం చల్లారిపోతోంది! ఈ పెద్ద అంకెలను పొట్టిగా రాసే పద్ధతి కనిపెట్టండి. వెయ్యి వరహాలిస్తాను."

నేను ఆస్థానంలో చేరి అప్పటికి నెల. పేరు వల్లభన్న. చదివిన గ్రంథాలు నూరు, చేసిన పని సున్నా. ఒక్క గంతులో లేచాను.

"ప్రభూ! పొడవాటి అంకెలు ప్రజలకు సంకెళ్లు! తెంచేద్దాం! అంకె పక్కన ఒక బొట్టుంటే వేలు, రెండుంటే లక్షలు, మూడుంటే కోట్లు!"

సభ చప్పట్లు కొట్టింది.

"భేష్! సాయంత్రం నేతగాళ్ల పన్ను ఆజ్ఞ ఈ పద్ధతిలోనే రాయండి," అన్నాడు రాజు.

తాటాకులు సర్దే ఈరమ్మ ఒక మూల నుంచి అడిగింది. "వల్లభన్నగారూ, మా అన్నదమ్ములంతా మగ్గాలవాళ్లే. బొట్టు ఒకటి ఎక్కువైతే వాళ్ల గతేంటి?"

"మీలాంటివాళ్ల కోసమే కదమ్మా నా పోరాటం! అడ్డు రాకు," అన్నాను.

ఆమె తాటాకుల కట్ట విప్పి వెతికింది. నా బహుమతి ఆజ్ఞ రాయడానికి ఒక ఆకు చేతికిచ్చింది. నేను సభవైపు తిరిగి కొత్త యుగం గురించి ఉపన్యసిస్తూనే, గంటంతో ఒకటి గీసి పక్కన బొట్టు పొడిచాను. ఆకు వంక చూస్తే ఉపన్యాసం ఆగిపోతుందని చూడలేదు. రాత కనిపించేలా ఈరమ్మ ఆకుకు మసి పూసి కోశాధికారికిచ్చింది.

చదివి ఆయన నోరు తెరిచాడు.

"ఒక కోటి వరహాలు!"

రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. "వెయ్యి ఇస్తానంటే కోటి రాసుకుంటావుట్రా?"

"కుట్ర ప్రభూ! ప్రజాద్రోహుల కుట్ర!" అని గర్జించాను. గొంతు మాత్రం మేకపిల్లదే వచ్చింది.

ఈరమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. "ఆయన్నేమీ అనకండి ప్రభూ. ఆయన పొడిచింది ఒక్క బొట్టే. నేనే కావాలని పురుగు తొలిచిన ఆకు ఇచ్చాను. బొట్టు పక్కనున్న రెండు చిల్లులకూ మసి పట్టి బొట్లయ్యాయి."

"ఎందుకలా చేశావ్?"

"ఆయన వెయ్యి రాస్తే పురుగులు కోటి చేశాయి ప్రభూ. సాయంత్రం మావాళ్ల పన్ను మీరు వేస్తారా, పురుగులు వేస్తాయా?"

రాజు ఆకును వెలుగుకు ఎత్తి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "పొట్టి గుర్తులు ఎన్నయినా పెట్టుకోండి. పక్కనే మొత్తం మాటల్లో రాసి తీరాలి. ముందు నేతగాళ్ల ఆకు!"

తన చేతి కంకణం తీసి ఈరమ్మకిచ్చాడు.

సభంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. తల ఇంకా మెడ మీదే ఉంది మరి.