కుందేళ్ళ పల్లంలో ముళ్ళకంప

అనగనగా ఒక పెద్ద కొండ. ఆ కొండ వాలున చిక్కటి అడవి. ఆ అడవిలో సింహమూ లేదు, పులీ లేదు పిల్లలూ. రాజు లేడు కదా అని జంతువులన్నీ కలిసి ఒక సభ పెట్టుకున్నాయి. నీళ్ళ దగ్గర తగువొచ్చినా, మేత దగ్గర తగువొచ్చినా సభే తీర్చేది.

సభకి పెద్ద అడవిదున్న కోటప్ప. చూస్తే నల్లరాతి బండలా ఉండేవాడు గానీ మనసు మెత్తన. ఆయనకి అటూ ఇటూ ఇద్దరు కూర్చునేవారు. ఒకరు ఎలుగుబంటి భీమన్న. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఇంకొకరు నక్క చిదంబరం. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఏ పనైనా చప్పున తేల్చేసి "అయిపోయింది" అని చెప్పాలని అతనికి మహా తొందర.

ఒక ఏడు ఎండాకాలంలో ఆ అడవికి జబ్బు వచ్చింది. గొంతు పట్టేసేది. ఒళ్ళు పెనంలా కాలేది. ఒకటే దగ్గు. ఇంట్లో ఒకరికి వస్తే తక్కినవాళ్ళకీ అంటుకునేది. అడవిపందుల మందలో సగం మంచానపడ్డాయి. నెమళ్ళ కూత వినపడటం మానేసింది.

కొండముచ్చు నరసమ్మకి ఆకులూ వేర్లూ బాగా తెలుసు. ఆమెని సభకి పిలిపించారు.

"జబ్బుపడ్డవాళ్ళని వేరే ఉంచాలి," అంది నరసమ్మ. "చల్లటి నీడ కావాలి. పక్కనే నీళ్ళుండాలి. నేలవేము కషాయం నేను చూసుకుంటాను. అలా చేస్తే చాలామంది బతుకుతారు."

"నీడా నీళ్ళూ అంటే మద్దిచెట్ల తోపే," అన్నాడు చిదంబరం. "తోపు నడిమధ్యనుంచే వాగు పారుతోంది."

"అదే మంచిది," అన్నాడు భీమన్న.

కోటప్ప కూడా సరేనన్నాడు. దండోరా వేయించారు.

ఆ తోపు కిందనే ఒక పల్లం ఉంది. అందులో కుందేళ్ళు కాపురం ఉంటున్నాయి. తోపుకి పోయే దారి వాటి బొరియల మధ్యనుంచే పోతుంది. కానీ ఆ కుందేళ్ళని ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు. దండోరా వినేదాకా వాటికి ఈ సంగతే తెలియదు.

కుందేళ్ళలో పెద్దది పోలమ్మ. ఆమె వెంటనే సభకి బయలుదేరింది. ఆ వేళ కోటప్ప చుట్టూ జంతువులు మూగి ఉన్నాయి. ఒకరు మందు కావాలంటున్నారు, ఒకరు నీళ్ళు కావాలంటున్నారు.

"కోటప్ప మామా, తోపు సంగతి నీకొక మాట చెప్పాలి," అంది పోలమ్మ.

"పోలమ్మా, ఇవాళ ఊపిరి తీసుకునే తీరిక లేదమ్మా. రేపు రా, చూద్దాం," అన్నాడు కోటప్ప.

పోలమ్మ మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి చిదంబరం ఎదురొచ్చాడు.

"మీలో ఎవరికైనా వైద్యం తెలుసా?" అని అడిగాడు.

"తెలియదు."

"తెలిసినవాళ్ళు చూసే ఆ చోటు ఎంచారు. బెంగపెట్టుకోకండి. ఇంటికి వెళ్ళండి."

ఆమెని పంపేసి, లోపలికి వెళ్ళి, "కుందేళ్ళకి ఏదో అనుమానమట. తీర్చేశాను," అని చెప్పాడు.

మూడోసారి పోలమ్మ వెళ్ళలేదు. సభవాళ్ళు మాట వినరని పల్లంలో అందరికీ అర్థమైపోయింది. మాట వినేవాళ్ళు లేనిచోట పుకారుకి కాళ్ళొస్తాయి పిల్లలూ. "జబ్బువాళ్ళ మీదనుంచి వచ్చే గాలి సోకితే చాలు, చచ్చిపోతారట" అంది ఒక కుందేలు. "తోపు చాలకపోతే మన బొరియలు పూడ్చేసి అక్కడా జబ్బువాళ్ళనే పెడతారట" అంది ఇంకొకటి. ఎవరు చెప్పారని అడిగితే ఎవరికీ తెలియదు. అయినా పల్లమంతా నమ్మేసింది. అందరూ కలిసి రేగుకంపా తుమ్మకంపా ఈడ్చుకొచ్చారు. దారికి అడ్డంగా, నిలువెత్తు కంచె వేశారు.

ఆ మర్నాడే భీమన్న మొదటి రోగులని తోపుకి తీసుకొచ్చాడు. ఒక నెమలి, రెండు అడవిపందులు, సన్యాసి అనే ముసలి దుప్పి. సన్యాసి పక్కన ఆయన భార్య గవరమ్మ కూడా నడిచింది. ఆమెకి జబ్బు లేదు. కాస్త ఎడంగా ఉండి, "ఇంకెంతో దూరం లేదు, అదిగో తోపు," అని భర్తకి ధైర్యం చెబుతూ వచ్చింది.

కంప దగ్గర అందరూ ఆగిపోయారు.

"ఏమిటిది? తీయండి!" అని భీమన్న గర్జించాడు.

కంప వెనక కుందేళ్ళన్నీ నిలబడి వెనక కాళ్ళతో నేలని దబదబా కొట్టాయి. "తీయం! సభ మమ్మల్ని అడిగిందా? తీయం!"

ఎండ నెత్తికెక్కింది. ఇటు అరుపులు, అటు అరుపులు. భీమన్న వెనక్కి తగ్గలేదు, కుందేళ్ళూ తగ్గలేదు. సన్యాసి కాళ్ళు వణికాయి. ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు, తర్వాత పక్కకి ఒరిగిపోయాడు. గవరమ్మ ఆయన మీదికి నీడ పడేలా అడ్డంగా నిలబడింది. అంతకన్నా చేయడానికి అక్కడేమీ లేదు. ఎత్తుకుని వెనక్కి తీసుకెళ్ళారు గానీ, పొద్దు వాలేలోపల సన్యాసి కన్నుమూశాడు.

ఆ కబురు పల్లానికీ చేరింది, సభకీ చేరింది. పల్లంలో కుందేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాయి. కానీ భయం భయంగానే ఉంది. కంప అలాగే ఉంది.

సభ కూర్చుంది.

"రేపు కోరలున్న పందులని తీసుకెళ్ళి ఆ కంప తొక్కించేస్తాను," అన్నాడు భీమన్న.

"అంత గొడవెందుకు? వాళ్ళు ఆదమరిచి ఉన్నప్పుడు గుట్టుగా దాటించేద్దాం," అన్నాడు చిదంబరం.

కోటప్ప నక్కవైపు తిరిగాడు. "చిదంబరం, పోలమ్మ వచ్చినప్పుడు ఏమంది?" అని అడిగాడు.

"ఏమనాలనుకుందో... అడగలేదు. భయం కాబోలు అనుకున్నాను," అన్నాడు చిదంబరం.

"నా దగ్గరికీ వచ్చింది. నేనూ అడగలేదు," అన్నాడు కోటప్ప. "కంప తొక్కిస్తే తోపుకి దారి దొరుకుతుంది. గుట్టుగా వెళ్ళినా దొరుకుతుంది. కానీ ఆ తర్వాత మన మాట ఎవరు నమ్ముతారు? వాళ్ళేమంటున్నారో ముందు వింటాను. నేనొక్కడినే వెళ్తాను."

తెల్లవారాక కోటప్ప పల్లానికి వెళ్ళాడు. ఆ కొమ్ములతో ఒక్క ఊపు ఊపితే కంప ఎగిరిపోయేది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఇవతలే నాలుగు కాళ్ళూ మడిచి కూర్చున్నాడు. అంత పెద్ద దున్న తలదించి కూర్చుంటే కుందేళ్ళకి ఆయన కళ్ళు కనపడ్డాయి.

"పోలమ్మా, ఆ రోజు నాతో ఏం చెప్పాలనుకున్నావు?"

"ఇప్పుడా అడగడం, మామా?" అంది పోలమ్మ.

"తప్పే. ఇప్పుడైనా చెప్పు."

ఇంక ఆగలేక కుందేళ్ళన్నీ ఒక్కసారి మాట్లాడాయి. కోటప్ప ఎవరి మాటకీ అడ్డు రాలేదు. అరిచినవాళ్ళని అరవనిచ్చాడు. ఏడ్చినవాళ్ళని ఏడవనిచ్చాడు. అందరూ చెప్పడం అయ్యాక మెల్లగా అన్నాడు.

"బొరియలు పూడుస్తామన్న మాట అబద్ధం. సభలో ఆ ఊసే రాలేదు. నేనుండగా రాదు. గాలి సంగతి నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను. నరసమ్మని పిలుస్తాను, ఆమె చెబుతుంది. ఇక నీళ్ళంటున్నారు, అదేమిటో నాకు సరిగ్గా అర్థం కాలేదు."

"అర్థం కావాలంటే వచ్చి చూడు," అంది పోలమ్మ. కంప కొంచెం పక్కకి లాగి దారిచ్చింది.

నరసమ్మ కూడా వచ్చింది. పోలమ్మ ఇద్దరినీ వాగు వెంట తీసుకెళ్ళింది. తోపులో పారే వాగు కిందికి దిగి, ఒక బండ చుట్టూ తిరిగి, పల్లంలో మడుగు కట్టి ఉంది. కుందేలు పిల్లలు ఆ మడుగులో మూతులు పెట్టి నీళ్ళు తాగుతున్నాయి.

"జబ్బువాళ్ళు పైన తాగి, పైన కడుక్కున్న నీళ్ళే ఇక్కడికి వస్తాయి," అంది పోలమ్మ. "మాకు వేరే నీళ్ళు లేవు. ఈ మాట చెబుదామనే రెండుసార్లు వచ్చాను."

నరసమ్మ మడుగు గట్టున నిలబడిపోయింది. "నీడ చూశాను, నీళ్ళు చూశాను. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడలేదు. పోలమ్మ మాట నిజమే, కోటప్పా. ఈ నీళ్ళు వీళ్ళు తాగకూడదు." తర్వాత కుందేళ్ళవైపు తిరిగింది. "గాలి సంగతి మాత్రం వినండి. ఇన్నాళ్ళుగా జబ్బువాళ్ళకి కషాయం పోస్తున్నాను. దొప్పలో పోసి పెట్టి, అయిదారు బారల ఎడంగా జరిగి ఉంటాను. నాకు అంటుకోలేదు. మీరు తోపుకి అంతకు పదింతల దూరాన ఉన్నారు. గాలికి భయపడకండి. ఎదురుపడితే మాత్రం దూరం జరగండి."

కోటప్ప కుందేళ్ళ మధ్య నిలబడి చెప్పాడు. "తోపు వదిలేద్దామంటే అంత నీడ ఇంకెక్కడా లేదు. జబ్బువాళ్ళు ఎండకి చచ్చిపోతారు. అందుకని తోపు అక్కడే ఉంటుంది. ఇది మీకు నచ్చకపోయినా చెప్పక తప్పదు. కానీ నీళ్ళ బాధ్యత మాది. తోపుకి ఎగువనే వాగునుంచి ఒక పిల్లకాలువ తవ్విస్తాను. జబ్బువాళ్ళు ముట్టకముందే మంచినీళ్ళు మీ మడుగుకి వస్తాయి. తోపులోంచి వచ్చే నీళ్ళని బండ దగ్గర అడ్డుకట్ట వేసి పక్కనున్న రాళ్ళబయల్లోకి మళ్ళిస్తాం. ఆ బయల్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఆ ఎండకి తొండలు కూడా ఉండవు," అంది పోలమ్మ.

"కాలువలో నీళ్ళు పారేదాకా ఒక్క రోగిని కూడా తోపులోకి తేను. రోగులు నడిచే దారి కూడా మార్చేద్దాం. కొండ చుట్టూ తిప్పి తీసుకెళ్తాం."

కుందేళ్ళు గుసగుసలాడుకున్నాయి.

"చుట్టుదారి చాలా దూరం, మామా," అంది పోలమ్మ. "నడవగలిగినవాళ్ళు అటు వెళ్ళనీ. నడవలేనివాళ్ళని ఇటే తీసుకురండి. ముందుగా కేకేస్తే మా పిల్లలని బొరియల్లో పెట్టుకుంటాం."

కోటప్ప ఆమెకి తల వంచాడు.

ఆ పూటే పని మొదలైంది. ఒళ్ళు బాగున్న పందులు ముట్టెలతో మన్ను తవ్వాయి. కోటప్ప బండలు దొర్లించాడు. కుందేళ్ళు వచ్చి మెత్తటి మట్టిని కాళ్ళతో ఎగదోశాయి. భీమన్న మొదట దూరంగా కూర్చుని గొణిగాడు. తర్వాత ఒక పెద్ద వేరు అడ్డమొచ్చింది, అది పందులకి లొంగలేదు. అప్పుడతనే వచ్చి పెరికేశాడు. మర్నాడు పొద్దున్నకల్లా మడుగులోకి కొత్త నీళ్ళు గలగలా దిగాయి. కుందేళ్ళు తామే కంప తీసేశాయి. రోగులు తోపుకి చేరాక, జబ్బు ఉన్న ఇంట్లో మిగిలినవాళ్ళు బయటికి రాకూడదని సభ దండోరా వేయించింది.

తర్వాత కొద్దిరోజులకి గవరమ్మకి జబ్బు చేసింది. ఆమె చుట్టుదారిన నడవలేకపోయింది. పల్లం మొదట్లోకి వచ్చి ఆగిపోయింది. భర్త పడిపోయింది అక్కడే. కాలు ముందుకి పడలేదు.

పోలమ్మ ఒక్కతే బయటికొచ్చి, నరసమ్మ చెప్పినంత దూరంలో నిలబడింది.

"రా వదినా," అంది.

"ఆ వేళ ఈ మాట అని ఉంటే..." అంది గవరమ్మ.

"అనలేదు వదినా. భయంతో అనలేకపోయాం. అది జీవితాంతం మాతో ఉంటుంది. నువ్వు మాత్రం రా. దారిలో గుంటలున్నాయి, నేను ముందు నడిచి చూపిస్తాను."

పోలమ్మ ముందు, గవరమ్మ ఆ వెనక ఎడంగా, ఇద్దరూ తోపుదాకా నడిచారు.

తోపులో అందరూ బతకలేదు పిల్లలూ. కానీ చాలామంది బతికారు. గవరమ్మ కూడా బతికింది. ఆమె బయటికొచ్చే రోజున కోటప్ప ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"గవరమ్మా, కుందేళ్ళ మాట ముందే విని ఉంటే సన్యాసి ఆ ఎండలో నిలబడేవాడు కాదు. తప్పు నాది. ఏం చేయమంటావో చెప్పు."

గవరమ్మ బాగా చిక్కిపోయింది. ఊపిరి తీసుకుని నెమ్మదిగా అంది. "పోయినవాడు ఎలాగూ రాడు. తోపులో నా పక్కనే ఒక ముళ్ళపంది తల్లి ఉంది. రాత్రీపగలూ ఏడుస్తూనే ఉంది. జబ్బు ఉన్న ఇంట్లోవాళ్ళు బయటికి రాకూడదని మీరు చెప్పారు కదా. ఆమె పిల్లలు కొండ అవతలి రాళ్ళసందులో ఉన్నారట. వాళ్ళకి మేత ఎవరు తెస్తున్నారు? ఆ సంగతి ఎవరైనా అడిగారా?"

కోటప్ప పక్కనే ఉన్న చిదంబరం, "నాకా రాళ్ళసందు తెలుసు," అని గబగబా దుంపలు తవ్వడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ వెళ్ళేసరికి రాళ్ళసందు నిశ్శబ్దంగా ఉంది. కోటప్ప అడుగుల చప్పుడుకి లోపల ఏదో కదిలింది. ముందు ఒక చిన్న ముక్కు బయటికొచ్చింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మూడోది. ఎంత చిక్కిపోయాయంటే ఒంటిమీద ముళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టున్నాయి.

చిదంబరం దుంపలు కాస్త ఎడంగా పెట్టి వెనక్కి జరిగాడు. పిల్లలు వాటి మీద పడ్డాయి.

"నిదానంగా తినండి నాయనా," అన్నాడు కోటప్ప. "తిన్నాక నాతో మాట్లాడండి. మీకింకా ఏమేం కావాలో నాకు చెప్పాలి."

నీతి: నలుగురి మేలు కోసం చేసే పనైనా, దాని భారం ఎవరిమీద పడుతుందో వాళ్ళ మాట ముందు వినాలి.