వకుళ చల్లిన తుమ్మి

విశ్వపతిగారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు చెంబెడు నీళ్లిచ్చి, తాగేదాకా ఊరుకునేవారు. ఆ రోజు బుచ్చిలింగం నీళ్లు ముట్టలేదు. అతను మగ్గం నేసేవాడు. ఏడేళ్లుగా ఆయన శిష్యుడు. భార్య పోయి నెల తిరగలేదు.

"పంతులుగారూ, ఆమె సగం కుట్టిన బొంత ఇంట్లనే ఉన్నది. సూది గూడ దాంట్లనే గుచ్చి ఉన్నది. జూస్తే పానం ఆగుతలేదు. రేపు కాలబెడ్త. గప్పుడన్న ఈ దుక్కం పోతదా?" అన్నాడు.

గురువుగారు శాస్త్రం తీయలేదు. శిష్యులెవరూ అంతకుముందు వినని తన సొంత సంగతి చెప్పారు.

ఆయనకు వకుళ ఒక్కతే కూతురు. పదకొండేళ్ల ఆ పిల్ల పెరట్లో జామచెట్టు పక్కన తుమ్మి గింజలు చల్లింది. వానలకు మొలిచి, తెల్లగా పూసింది. పొద్దెక్కితే చాలు, అక్కడంతా తేనెటీగల రొద. వినాయక చవితినాడు తప్పక వండే తుమ్మికూరకని తల్లి చెయ్యి పెడితే పిల్ల అడ్డం పడింది.

"అన్నీ తెంపకమ్మా, ఈగలకేం మిగుల్తది?"

"పండుగ మనకా, ఈగలకా?" అని తండ్రి నవ్వారు. ఆ మార్గశిరంలో జ్వరమొచ్చి, నాలుగు రోజుల్లో పిల్ల పోయింది.

పరామర్శకు చుట్టాలొస్తారని ఆయన పెరడు బాగుచేయబోయారు. తుమ్మి అప్పటికే నిలువునా ఎండిపోయింది. చావు జరిగిన ఇంట్లో ఈ ఎండుపుల్లలెందుకని పైకి అన్నారు. నిజానికి వాటిని చూడలేకపోయారు. అన్నీ పీకి కుప్పేసి కాల్చేశారు. తుమ్మి ఒక్క ఏడాది మొక్క. ఎండిన తరువాతే గింజలు రాల్చి, ఆ గింజల్లోంచే మళ్లీ వస్తుంది. ఇన్ని శాస్త్రాలు తిరగేసిన మనిషికి, గొర్లు కాసేవాడికి తెలిసిన ఆ ముక్క తెలియలేదు. మరుసటేడు వానలు బాగానే పడ్డాయి. జామచెట్టు పక్కన గడ్డి తప్ప ఏమీ రాలేదు. రెండు మూడు తేనెటీగలు ఆ చోటనే తిరిగి తిరిగి వెళ్లిపోయాయి. భార్య ఆయనను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికపడేవారు.

బుచ్చిలింగం అడిగాడు. "మల్ల గింజలు దెచ్చి చల్లకపోయిన్రా పంతులుగారూ? తుమ్మి ఏడ జూసినా దొరుకుతది గద."

"చల్లాను నాయనా. మొలిచింది, పూసింది. తేనెటీగలు కూడా వచ్చాయి" అన్నారు విశ్వపతిగారు. నీళ్ల చెంబు అతని ముందుకు జరిపి, "వాటికి తేడా తెలియదు" అన్నారు.