ఇంగువవలస వారి మడతచాకు

ఇంగువవలస వారికి దేవుడు పొలాలు తక్కువిచ్చినా బుద్ధిని మాత్రం బస్తాలకొద్దీ ప్రసాదించాడని వారి దృఢ విశ్వాసం. "లోకులు చెప్పిన మాట వింటారు. మనం విన్న మాటను ఉన్నదున్నట్టు పాటిస్తాం. అదిరా మన గొప్ప!" అని ఊరి పెద్ద సింహాద్రి తాత సెలవిస్తే, విన్నవారందరూ తలలూపేవారు. ఇక చాలని ఆయన అనేదాకా ఊపుతూనే ఉండేవారు.

అంతటి ఊరి నుంచి ముగ్గురు పిల్లలు స్కౌటు శిబిరానికి బయలుదేరారు. తాత మనవడు గవర్రాజు నాయకుడు. వాడి చిన్నాన్న కూతురు నూకాలు, మేనత్త కొడుకు అప్పలసూరి పరివారం. బయలుదేరే వేళ తాత తన మొలలోని కొమ్ముపిడి మడతచాకు తీసి మనవడి చేతిలో పెట్టాడు.

"ఒరే గవర్రాజూ! చాకు పట్టడం నేర్చుకుని, వచ్చినట్టు మాస్టారి చేత కార్డు రాయించుకొచ్చావా, ఇది నీది. లేదంటే మీ పెదనాన్న కొడుక్కి ఇచ్చేస్తాను."

పెదనాన్న కొడుకు పక్కనే నిలబడి చాకువంక చూసి గుటకవేశాడు. గవర్రాజు చాకును గభాలున జేబులో దోపుకున్నాడు.

శిబిరం కొండ దిగువన, ఏటి ఒడ్డున. అక్కడి గురువు అనంతం మాస్టారు పరమ శాంతమూర్తి. ఆ ఉదయం దాకా.

"ఈ పూట బెండకాయలు తరిగే పని మీ ముగ్గురిది. ఎవరి వేలూ తెగకుండా ముగిస్తే సాయంత్రం కార్డు రాసిస్తాను. మొదటి నియమం వినండి. చాకు పట్టినవాడి చుట్టూ చేయి చాచినంత మేర మరొకరు ఉండరాదు," అన్నారాయన.

అంతే. ధర్మసందేహం పుట్టింది.

"ఎవరి చెయ్యన్నారు అన్నియ్యా?" అంది నూకాలు.

"పొడుగు చెయ్యైతే మరింత భద్రం. సూరి బావా, నువ్వొచ్చి కొలువు," అన్నాడు గవర్రాజు.

సూరి వచ్చి పక్కన నిలబడి చేయి చాచాడు.

"దగ్గరికొచ్చేశావేటి! చాకుంది కదా, అవతలికి పో!"

సూరి పోయాడు. అక్కణ్ణుంచి కొలుద్దామంటే చేయి చాలదు. మళ్ళీ వచ్చాడు. ఈసారి గవర్రాజే భయపడి వెనక్కు జరిగాడు. వాడు జరిగితే వీడు కొలవడానికి వస్తాడు, వీడు వస్తే వాడు జరుగుతాడు. ఇంకేముంది! ఇద్దరూ అలా జరుగుతూ వస్తూ శిబిరానికి మూడు ప్రదక్షిణలు పూర్తిచేశారు. బెండకాయలు బుట్టలో సుఖంగా ఉన్నాయి.

మాస్టారు పరుగున వచ్చి కర్రతో నేలమీద గుండ్రంగా గీత గీసి, గవర్రాజును మధ్యలో కూర్చోబెట్టారు. "ఇక కొయ్యి నాయనా. పని లేనప్పుడు మాత్రం చాకు మడిచి జేబులో పెట్టుకో."

గవర్రాజు ఒక ముక్క కోశాడు. ముక్క రాలింది. రాలిన ముక్కతో చాకుకేం పని? మడిచాడు. జేబులో పెట్టాడు. తీశాడు. విప్పాడు. మరో ముక్క. మళ్ళీ మడత. ఎండ నడినెత్తికొచ్చేసరికి మూడు బెండకాయలు తెగాయి, వాడి బొటనవేలు వాచింది.

"నా వల్ల కాదు బావా, ఇంక నువ్వు కొయ్యి."

దూరాన పొయ్యి ఊదుతున్న మాస్టారు ఆ మాట విని కేకవేశారు. "మడిచి ఇవ్వు! పుచ్చుకునేవాడు 'అందింది' అనేదాకా నువ్వు వదలకు!"

గవర్రాజు మడిచి ఇచ్చాడు. సూరి పట్టుకున్నాడు.

"అందిందను బావా."

"ఎలాగంటాను? నువ్వు వదల్లేదు కదేటి."

"నువ్వనకుండా ఎలాగ వదుల్తాను?"

"వదలకుండా అందిందంటే అబద్ధమైపోద్ది. అబద్ధమాడితే మా అమ్మ తంతాది."

ఇద్దరిదీ న్యాయమే. నూకాలు ఇద్దరినీ మార్చిమార్చి చూసి తీర్పుచెప్పింది. "తగువెందుకు? ఇద్దరూ నాకిచ్చేయండి!"

ఆమె కూడా పట్టుకుంది.

"అందిందనవే!"

"మీరిద్దరూ పట్టుకునుంటే నాకెలాగ అందినట్టర్రా?"

ఇప్పుడు ముగ్గురు. ఒక చాకు, మూడు పిడికిళ్ళు. అవతల ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయింది. నలభైమంది పిల్లలు కంచాలు వాయించసాగారు. అనంతం మాస్టారి శాంతం కూడా ఎసరుతోనే ఇగిరిపోయింది. వచ్చి తానూ ఆ చాకును పట్టుకుని లాగారు.

"అందిందనండి మాస్టారూ!" అన్నారు ముగ్గురూ.

"అందింది! మీకు పుణ్యముంటుంది, అందింది!"

అంతే. ముగ్గురూ ఒక్కసారిగా వదిలేశారు. మాస్టారు వెనక్కు వెళ్ళి, పులుసుకోసం చింతపండు నానవేసిన గంగాళంలో ఆసీనులయ్యారు. మడిచిన చాకు మాత్రం చేతిలో పైకెత్తే ఉంది.

"లేవదీయండర్రా!"

"అమ్మో! చాకు మీ చేతిలో ఉంది కదండీ. దగ్గరికెలాగొస్తాం?"

ఆ పూట శిబిరమంతా బెండకాయలను నిలువునా నమిలింది. అయినా ఒక్కరి వేలూ తెగలేదు. ఇచ్చిన మాట తప్పని పెద్దమనిషి కనుక మాస్టారు సాయంత్రం కార్డు రాశారు. చాకూ కార్డూ కలిపి గవర్రాజుకు ఇస్తూ, వాడు నోరు తెరవకముందే "అందింది!" అని తానే అనేశారు.

"ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉండాలి. పని లేనప్పుడు ఎవరి చేతికీ అందని చోట భద్రంగా పెట్టు," అన్నారు.

గవర్రాజు గంతులేశాడు. చాకు తనదైంది! ఇక దానికి చోటు వెతకాలి. గుడారం గుంజమీద పెట్టాడు. నూకాలు ఎగబాకి అందుకుంది. మద్దిచెట్టు తొర్రలో పెట్టాడు. సూరి భుజందాకా దూర్చి బయటికి తీశాడు.

"ఇదేం భద్రంరా!" అని ముగ్గురూ ఏటి మలుపులోని గుండం దగ్గరికి వెళ్ళారు. గడ వేసినా అడుగు తగలని చోటది. కార్డును చాకుకు చుట్టి, దారంతో గట్టిగా కట్టి, నడిమధ్యకు విసిరారు. బుడుంగుమంది. ముగ్గురూ బోర్లాపడుకుని నీళ్ళలో చేతులు పెట్టి కెలికారు.

"నాకందలేదు!" "నాకూ అందలేదు!" "నాకసలే అందలేదు!" ఇంకేముంది, కౌగిలించుకున్నారు.

ఊరి మొదట్లో తాత ఎదురొచ్చాడు. వెంట పెదనాన్న కొడుకు.

"కార్డేదిరా?"

"చాకు దగ్గరుంది తాతా."

"చాకేది?"

"కార్డు దగ్గరుంది. రెండూ గుండంలో ఉన్నాయి. ఇంక ఎవరి చేతికీ అందవు."

"నీ చేతికో?"

"నాకూ అందవు."

"మాస్టారి చేతికో?"

"అందవు. చెప్తే తల పట్టుకుని ఏడ్చేశారు తాతా. ఆనందంతో."

పెదనాన్న కొడుకు తల వంచుకున్నాడు. తాత కళ్ళలో నీళ్ళు నిండాయి. "చూశావేటిరా! మూడు తరాలనుంచి ఆ చాకు మన మొలల్లోనే ఉంది. ఇంత భద్రమైన చోటు ఒక్కరికీ తట్టలేదు!" అని, గవర్రాజును అక్కున చేర్చుకుని, ఇంటివైపు తిరిగి ఎలుగెత్తాడు.

"ఓలమ్మీ! కత్తిపీట, కొడవళ్ళు, గొడ్డలి అన్నీ ట్రాక్టరెక్కించండి! గవర్రాజు చోటు చూపిస్తాడు!"

మరునాటి నుంచి ఇంగువవలసలో ఎవరి వేలూ తెగలేదు. గుమ్మడికాయ ఉడకడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.